వాడిన డీజిలు కారు: ఒక పొదుపు మీమాంస

పొదుపు కోసం చేసే ఖర్చులలో వాడిన డీజిలు హ్యాచ్‌బ్యాక్‌కు, అంటే డిక్కీ విడిగా పొడుచుకురాకుండా వెనుక తలుపుతోనే ముగిసే చిన్న కారుకు, తెలుగు మధ్యతరగతి ఇళ్లలో ప్రత్యేక స్థానముంది. దీని వెనుకనున్న సిద్ధాంతం 2012 నాటిది. ఆనాడు ఢిల్లీలో పెట్రోలుకూ డీజిలుకూ లీటరు దగ్గర 30 రూపాయలకు పైగా తేడా ఉండేది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిలు ధరపై నియంత్రణ ఎత్తివేసింది, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు రాగానే మారుతి డీజిలు కార్లనే మానుకుంది, 2022 మే తరువాత హైదరాబాదులో ఆ తేడా 12 రూపాయల దరిదాపుల్లో నిలిచింది. సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరలేదు.

కొనుగోలు ఘట్టంలో అమ్మేవాడు భాష్యకారుడి పాత్ర వహిస్తాడు. సైలెన్సరు నుంచి నల్లపొగ వస్తే గాలి చాలక డీజిలు సరిగా కాలడం లేదని, నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిలే కాలిపోతున్నదని మెకానిక్కులు చెబుతారు. భాష్యకారుడి ప్రకారం మొదటిది పికప్‌కు నిదర్శనం, రెండవది నిన్ననే ఆయిల్ మార్చినందువల్ల కలిగినది, ఇక తెల్లపొగ మే నెల మధ్యాహ్నమైనా సరే చలివల్ల వచ్చినది. కారు వయసు కూడా ఊరిని బట్టి మారుతుంది: పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని హరిత ట్రిబ్యునల్ ఆదేశించిన ఢిల్లీలో ముసలిదనిపించుకున్నది, నిరభ్యంతర పత్రంతో కృష్ణాతీరం చేరేసరికి ‘సింగిల్ ఓనర్, డాక్టరుగారు వాడిన బండి’గా పునర్యౌవనం పొందుతుంది. అమ్మకానికి వచ్చిన కార్లన్నీ డాక్టర్లవే అయినప్పుడు మిగతా వృత్తులవారు దేనిలో తిరిగారన్నది పరిశోధించదగిన విషయం.

అసలు చిక్కు నిర్వహణలో ఉంది. ఉద్గారాలను తగ్గించేందుకు ఇంజిను వదిలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి దానిలోకే పంపే ఈజీఆర్ వాల్వు, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే కారులో, ఇంజిను తగినంత వేడెక్కక మసి పట్టి మొరాయిస్తుంది. దీనికి మెకానిక్ సూచించే చికిత్స ‘హైవే మీద ఓసారి గట్టిగా లాగండి సార్’ అన్నది. కనుక రోజూ పది కిలోమీటర్లు తిరిగి పొదుపు చేయదలచిన గృహస్థు, ఆ పొదుపు ఆరోగ్యం కోసం ఆదివారాలు విజయవాడ వెళ్లి టీ తాగి వస్తాడు. వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో డీజిలును సన్నని తుంపరగా చల్లే ఇంజెక్టర్లు నాలుగింటిలో ఒకటి పాడైతే, తక్కిన మూడూ ఎంతోకాలం ఉండవన్న హెచ్చరిక మెకానిక్ నోట తప్పక వెలువడుతుంది. ఇది ఎక్కువసార్లు నిజమే కావడం గృహస్థుకు మరింత బాధాకరం. ఇంత జరిగినా అతడి లెక్కల పుస్తకంలో లీటరుకు 20 కిలోమీటర్లన్న అంకె పదిలంగా ఉంటుంది, ఎందుకంటే టర్బో మరమ్మతు, క్లచ్ ప్లేటు, రాష్ట్రం మారినందుకు కట్టిన లైఫ్ ట్యాక్సు ‘ఇంటి ఖర్చులు’ అన్న పద్దులో చేరాయి.

రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్లు నిండి, ఫిట్‌నెస్ పరీక్ష, హరిత పన్ను గుమ్మంలోకి వచ్చే వేళకు అదే గృహస్థు భాష్యకారుడై, పెద్ద కారు కొంటున్నందున అమ్ముతున్నట్లు ప్రకటన ఇస్తాడు. ఆ పెద్ద కారు 2016 మోడల్, డీజిలుదే.