పద్నాలుగో రోజు పిన్ని

ఖరగ్‌పూర్‌లోని మా ఇందాలోకి కాపురానికొచ్చిన కొత్త కోడలెవరైనా సరే, ఆధార్ కార్డులో అడ్రసు మారకముందే మా పిన్ని లెక్కల్లోకి ఎక్కేస్తుంది. ఆవిడ వంటింటి తలుపు వెనక వెంకట్రామా కేలెండర్ వేలాడుతుంటుంది. పాల పేకెట్లకు గీతలు, గేస్ బండకు సున్నా, కోడళ్లకు చుక్కలు. బయటున్న రోజుకి ఎర్ర చుక్క. అక్కణ్నుంచి వేళ్ల కణుపుల మీద లెక్కేసి పద్నాలుగో గడిలో నీలం చుక్క. ఆ పొద్దున్నే ఫోన్ మోగుతుంది: "ఏటే, ఇయ్యాల మీ ఆయనకి నైట్ డ్యూటీ లేదు కదా?"

గుట్టుగా అడిగినా బాగుణ్ను. 1072 మీటర్ల మన స్టేషను ప్లాట్‌ఫాం ఈ చివర నిలబడి ఆ చివరి మనిషిని పిలవగల గొంతు ఆవిడది. మాతా పూజ ఊరేగింపులో డప్పుల హోరు మధ్య మా వదిన్ని చూసి కేకేసింది, "నీకియ్యాల పన్నెండు! ఎల్లుండి పుట్టింటికి ఎల్లకు!" పక్కనున్న బెంగాలీ కాకీమాకి తెలుగు రాదు కదా, బతికిపోయామనుకున్నాం. పిన్ని ఆవిడకి బెంగాలీలో విడమరిచి చెప్పింది.

సరి రోజుల్లో కలిస్తే అబ్బాయి, బేసి రోజుల్లో అయితే అమ్మాయి అని ఇంకో సిద్ధాంతం. ఆవిడకి ముగ్గురూ ఆడపిల్లలే. అడిగితే, గార్డుగా చేసిన మా బాబాయి డ్యూటీ చార్టుదే తప్పంటుంది.

వదినకి నెలసరి ముప్పై అయిదు రోజులకోసారి. పిన్ని మాత్రం ప్రతి నెలా పద్నాలుగో గడిలోనే చుక్క పెట్టింది, ఇరవై తొమ్మిదో రోజుకల్లా "విశేషమేనా?" అని పాయసం కాచింది. చివరికి డాక్టరమ్మ చెప్పింది: పద్నాలుగు లెక్కపెట్టాల్సింది ముందునుంచి కాదమ్మా, రాబోయే నెలసరి నుంచి వెనక్కి. జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ 1920లలోనే తేల్చిన లెక్క ఇది. అంటే వదినకి అండం విడుదలయ్యేది ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో. అండం ఒక్క రోజుకి మించి బతకదు, వీర్యకణాలు అయిదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి ఆ రోజూ, దానికి ముందు అయిదు రోజులూ పనికొచ్చేవి. తెల్లబట్ట పచ్చి గుడ్డుసొనలా సాగుతుంటే ఆ రోజులు వచ్చినట్టే. మందుల షాపులో దొరికే స్ట్రిప్పు అండం విడుదలని ఒక రోజో, ఒకటిన్నర రోజో ముందే చెబుతుంది. ఒంటి వేడి మాత్రం అండం విడుదలయ్యాకే పెరుగుతుంది.

పిన్ని ఒప్పుకోలేదు. బాబాయి పేపరు దించకుండానే అన్నాడు, "హౌరా మెయిలు మనూరికి ఎంత లేటుగా వచ్చినా, ఇక్కణ్నుంచి హౌరాకి రెండు గంటల పైచిలుకే కదే. ఇదీ అంతే."

"సంత్రాగాచి దాటాక సిగ్నలివ్వకపోతేనో?" అంది పిన్ని. నిజమే, అండం విడుదలయ్యాక ఉండే ఆ వెనక సగం కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందని డాక్టరమ్మా అంది. ఓడిపోవడం ఆవిడ జాతకంలో లేదు.

అంతమాత్రాన ఆవిణ్ని వదులుకోగలమా? తెల్లారకముందే ఆసుపత్రి క్యూలో మా పేరుమీద నిలబడేది ఆవిడే. స్టీలు క్యారేజీలో ఉప్మా తెచ్చి, నెలసరి వచ్చేసిందని ఏడ్చే పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఒక నెలకేటయిపోద్దే" అనేదీ ఆవిడే.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఏడాది ప్రయత్నించినా, ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలైనా, ఫలితం లేకపోతే పరీక్షలు ఇద్దరికీ చేయించాలని. పిన్ని దాన్ని వేదవాక్కుగా తీసుకుంది. కేలెండర్లో ఇప్పుడు ఆకుపచ్చ చుక్కలు వెలిశాయి, అల్లుళ్లకి, కొడుకులకి. గోల్‌బజార్ నడిమధ్యలో మా అన్నయ్యని ఆపి, "ఏరా, నీ వీర్యం రిపోర్టు వచ్చిందేటి?" అనడిగింది.

"పెద్దావిడ, అభిమానంతో అడుగుతుంది, సర్దుకుపోండి" అని ఇన్నాళ్లూ మాకు నీతులు చెప్పిన మగాళ్లంతా ఇప్పుడు ఏకమై, "మన ఇంటి సంగతులు ఆవిడకెందుకు?" అంటున్నారు.