సాక్షి సంతకం

పాత సామాన్లకు ఫోన్‌లో ఫొటో తీసి అమ్మకానికి పెట్టేవాళ్లు ఇప్పుడు ఇంటికొకరు తయారయ్యారు. వాళ్లలో మోసపోయేవాళ్లు ఒక రకం. ఎక్కడ మోసపోతామోనని చుట్టూ ఉన్నవాళ్ల ప్రాణాలు తోడేసేవాళ్లు ఇంకో రకం. మా బాబాయి ఈ రెండో రకానికి పెద్ద తలకాయ. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఒకే స్థలాన్ని ముగ్గురికి అమ్మిన ఘనుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని వేలిముద్ర వేయించుకున్న అనుభవం ఆయనది. అలాంటి మనిషితో, "కొత్త మిక్సీ కొన్నాం కదండీ, పాతది ఆ యాప్‌లో పెట్టేయండి" అంది మా పిన్ని. అన్నందుకు ఇప్పటికీ అనుభవిస్తోంది.

మిక్సీ ధర ఎనిమిది వందలు. దానికి బాబాయి రాసిన దస్తావేజు పేజీన్నర. "నా స్వార్జితమై, నా పూర్తి హక్కుభుక్తములలో ఉండి, ఎట్టి తనఖాలు, జప్తులు, కోర్టు తగాదాలు లేనట్టి మిక్సీని మూడు జార్ల సహితముగా తమకు విక్రయించినాను గనుక, ఇది మొదలు తాము పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలయును..." కింద షెడ్యూలు. చిన్న జారు మూతకు పగులున్న సంగతి షెడ్యూల్లోకి ఎక్కింది. కొనడానికొచ్చిన టిఫిన్ బండి ఆయన, "అయ్యా, నేను చట్నీ వేసుకోవాలండీ" అని బతిమాలాడు. సాక్షులు లేకుండా కుదరదు. ఒకటో సాక్షి ఇస్త్రీ బండి అతను. రెండో సాక్షిగా ఆదివారం పూట నన్ను పటమట నుంచి సత్యనారాయణపురానికి రప్పించాడు. వచ్చాక నా సంతకం అలుక్కుపోయిందని మళ్లీ పెట్టించాడు. అది నేను మర్చిపోలేదు.

బేరం ఇంట్లో జరగదు. ముక్కూమొహం తెలియనివాళ్లను గుమ్మం ఎక్కించకూడదు, పట్టపగలు నలుగురు తిరిగేచోట కలవాలి అంటాడు. సబబే. కానీ నలుగురు తిరిగేచోటంటే ఆయన లెక్కలో పోలీస్‌స్టేషన్ ఎదురుగా ఉన్న టీకొట్టు. మిక్సీ తిరుగుతోందో లేదో చూపించడానికి అక్కడే ప్లగ్గు అడిగాడు. టీకొట్టతను ఇదే అదనని పూటకి సరిపడా అల్లం దంచించుకున్నాడు. అంతకుముందు కుక్కర్ కోసం వచ్చినాయన స్టేషన్ బోర్డు చూసి, ఇదేదో చోరీ సొత్తు వ్యవహారమనుకుని బండి కూడా దిగకుండా వెళ్లిపోయాడు.

ఫ్రిజ్ సంగతి చెప్పాలి. ఫొటో పెట్టిన పావుగంటకే ఫోను. అవతల హిందీ. తాను సైన్యంలో పనిచేస్తున్నాడట, ఈ ఊరికి బదిలీ అయిందట, ఫ్రిజ్ చూడక్కర్లేదట, చెప్పిన రేటు ఇప్పుడే పంపించేస్తాడట. చూడకుండా, బేరమాడకుండా కొనేవాడు దొరికేసరికి బాబాయి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ వాడి కోసమే కాచుక్కూచున్నాడు మరి. స్పీకర్ పెట్టి, అన్నాల దగ్గర నుంచి అందర్నీ లేపాడు. వాడు యూనిఫాంలో ఫొటో, గుర్తింపు కార్డు పంపించాడు. "ఫొటో ఠీక్ హై. ఆప్ కా ఈసీ కిధర్ హై?" అన్నాడు బాబాయి. స్థలానికి తప్ప మనిషికి ఈసీ ఉండదని వాడికీ తెలియదు పాపం, తర్వాత తెస్తానన్నాడు. నమ్మకం కుదరడానికి ముందుగా ఐదు రూపాయలు వేశాడు. అవి నిజంగానే పడ్డాయి. ఆపైన ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి యూపీఐ పిన్ను కొడితే మిగతాదంతా వచ్చి పడుతుందన్నాడు.

"డబ్బు తీసుకునేవాడికి పిన్నుతో పనేంటి నాయనా? హుండీలో కానుక వేసేవాడు తాళంచెవి అడుగుతాడా?" అని అచ్చ తెలుగులో గద్దించి, 1930కి ఫోన్ చేస్తున్నానన్నాడు. ఆ సైబర్ నేరాల నంబరు వాళ్లింట్లో గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే గోడమీద రాసి ఉంటుంది. అవతల లైను కట్టయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. "ఐదు రూపాయలు బయానా ముట్టింది. గడువు తీరేదాకా ఇంకొకరికి అమ్మితే న్యాయం కాదు" అన్నాడు బాబాయి. గడువు మూడు నెలలు. ఆ మూడు నెలలూ పాత ఫ్రిజ్ హాల్లో టీవీకి అడ్డంగా నిలబడింది. పిన్ని సీరియళ్లు సగం సగమే చూసింది. ఆ మధ్య, 2025 అక్టోబరు నుంచి, మనిషి నుంచి మనిషికి యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ ఆపేయించింది. అది తాను రాసిన ఉత్తరం ఫలితమేనని ఆయన గట్టి నమ్మకం. క్యూఆర్ కోడ్‌ల మీద ఇంకో ఉత్తరం రాస్తున్నాడు.

స్కూటర్ అమ్మినప్పుడు మాత్రం ఆయన చాదస్తానికి దణ్ణం పెట్టాలనిపించింది. అందరూ డబ్బు లెక్కపెట్టుకుని తాళాలు ఇచ్చేస్తారు. ఆర్‌సీలో పేరు మారకపోతే, రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం పాత ఓనరు మెడకే చుట్టుకుంటుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బాబాయి ఫారం 29, ఫారం 30 ముందే నింపి ఉంచాడు. బండి అప్పగించిన తేదీతోపాటు టైము కూడా రాయించి సంతకం తీసుకున్నాడు. అయినా నిద్రపట్టక, పేరు మారేదాకా వారం వారం కొన్నవాళ్లింటికి వెళ్లొచ్చాడు. మొదట్లో వాళ్లు తలుపు వెనక దాక్కున్నారు. పోనుపోను కాఫీ ఇచ్చారు. చివరికి పాప అన్నప్రాశనకి పిలిచారు. ఫొటోలో పాప చేతిలో పెన్ను ఉంది. అది బాబాయిదే.

పిన్నికి పాత ఫోన్ కొన్నప్పుడు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కించి, ఆ ఐఎంఈఐ నంబరును డబ్బాతోనూ, బిల్లుతోనూ, సంచార్ సాథీతోనూ సరిచూసుకునేసరికి అమ్మకందారు ఫోన్ బ్యాటరీ అయిపోయింది.

ఇంత చేసే మనిషి దగ్గరికి మొన్న ఓ కుర్రాడు చదువుకునే బల్ల కోసం వచ్చాడు. కాలేజీ కార్డు చూశాడు, ఆధార్ చూశాడు. ఊరు తిరువూరు. తిరువూరంటే బాబాయికి తొలి పోస్టింగు.

"మా ఆఫీసు పక్కన చింతచెట్టుండేది, ఉందా ఇంకా?"

"ఉందండీ." ఆ కుర్రాడే కాదు, బల్ల కావలసినవాడెవడైనా ఉందనే అంటాడు.

పదిహేను వందల బల్ల ఏడు వందలకి దిగింది. గదిలో ఉక్కగా ఉంటుందని టేబుల్ ఫ్యాను ఊరికే ఇచ్చాడు. ఆటో కిరాయి కూడా తనే ఇచ్చి, మధ్యలో ఉప్మా పెట్టించాడు. పిన్ని గిన్నె కడుగుతూ, "దొంగవెధవలు ఈయన దగ్గర ఐదు రూపాయలు పోగొట్టుకున్నారు. మనం మునిగేదంతా మంచివాళ్ల చేతుల్లోనేరా" అంది. ఆ మాట బాబాయికి వినబడలేదు. దస్తావేజు తిరగేస్తూ ఉన్నట్టుండి లేచాడు.

"ఒరేయ్, ఫ్యాను షెడ్యూల్లో ఎక్కించలేదురా!"

కాగితం పట్టుకుని ఆటో వెనక పరుగెత్తాడు. సాక్షి లేకపోతే చెల్లదు గనక ఆయన వెనక నేను.