అడుగుకు పావంగుళం

కొత్త ఇంటి ప్లాను చేతికొచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఇంజనీర్లే. పిల్లాడి జామెట్రీ బాక్సులోంచి 15 సెంటీమీటర్ల స్కేలు బయటికొస్తుంది. వంటగది మీద అత్తగారూ, పడగ్గది మీద కోడలూ దాన్ని పెట్టి చూసి పెదవి విరుస్తారు.

ఆ స్కేలు అబద్ధమాడదు; కాగితం సంగతి మాత్రమే చెబుతుంది. 1:100 ప్లానులో 4 మీటర్ల గోడ 4 సెంటీమీటర్లు. అదే గోడ 1:50లో 8 సెంటీమీటర్లు, 1:500 సైటు ప్లానులో 8 మిల్లీమీటర్లు. ఒక బొమ్మలోని పొడవును ఇంకో బొమ్మలోకి మార్చాలంటే మొదటిదాని స్కేలు అంకెతో గుణించి, రెండోదాని అంకెతో భాగిస్తే సరి. గుణిస్తే నేల మీదికి దిగినట్టు, భాగిస్తే మళ్లీ కాగితం ఎక్కినట్టు.

అసలు చిక్కు డాలస్ నుంచి వస్తుంది. "ఇలా కడితే బావుంటుంది నాన్నా" అంటూ అక్కడి అబ్బాయి ఓ డ్రాయింగ్ పంపుతాడు. అమెరికాలో ఇళ్ల ప్లాన్లు చాలావరకు అడుగుకు పావంగుళం లెక్కన గీస్తారు. అంటే 1:48. అసలు సైజులోనే ప్రింటు తీయించినా, ఇక్కడ ప్లాన్లు గీసే కుర్రాడు "మన 1:50 లాంటిదేలెండి" అని కొలిచాడంటే 4 మీటర్ల గది 4.17 అవుతుంది. అంగుళం జరిగితేనే ఈశాన్యం చెడిందనే సిద్ధాంతికి 17 సెంటీమీటర్లంటే పండగ!

జిరాక్సు షాపు ఇంతకంటే ఘనమైనది. ఏ3 ప్లానును ఏ4లోకి కుదిస్తే పొడవులన్నీ సుమారు 71 శాతానికి తగ్గుతాయి. మూలన అచ్చయిన "స్కేలు 1:100" మాత్రం చెక్కుచెదరదు. నిజానికి అప్పుడది దాదాపు 1:141. దాన్ని నమ్మి కొలిస్తే 4 బై 3 మీటర్ల గది 2.83 బై 2.12 అయి కూర్చుంటుంది. పొడవుతోపాటు వెడల్పూ తగ్గింది కాబట్టి 12 చదరపు మీటర్లు ఆరైపోతాయి. ఇంటిపన్ను అలా తగ్గదు.

సర్వే ఆఫ్ ఇండియా పటాల అడుగున అంకెతోపాటు ఓ గీత స్కేలు కూడా ఉండేది ఇందుకే. పటం కుదిస్తే గీతా కుదించుకుపోతుంది, లెక్క తప్పదు. అంకెకు ఆ తెలివి లేదు.

మేస్త్రీకి ఈ గొడవేదీ పట్టదు. కాగితం మీద స్కేలు పెట్టడు. రాసి ఉన్న కొలత చదివి, తాడు లాగి, స్థలంలో ముగ్గు పోస్తాడు. ఆ బొమ్మ 1:1. మార్చాల్సిన లెక్కేమీ లేదు. అయినా చూసినవాళ్లంతా "గది మరీ ఇంత చిన్నదా?" అంటారు. టేపు పరిచి 4 మీటర్లు చూపిస్తే, టేపునే అనుమానిస్తారు.