లైటు పీకితే ప్రెజరొస్తది

మొన్న నాట్లప్పుడు సాగర్ ఎడమ కాల్వ కింద, మా ఊరి పొలాల్లో ఒక ట్రాక్టర్ పడింది. కేజీవీల్స్‌తో ఒడ్డు ఎక్కించబోతే ముందు చక్రాలు లేచాయి, బండి పక్కకు ఒరిగింది, బురదమడిలో బర్రెలాగ పండుకుంది. డ్రైవరు ఎగిరి అవతలి మడిలో పడి బతికాడు. మట్టపల్లి నరసింహస్వామి దయ అన్నారందరూ. రక్షణ చట్రం లేకుండా కొత్త ట్రాక్టర్ అమ్మొద్దని స్వీడన్‌లో 1959లోనే నిబంధన పెట్టారు. మనం ఆ చట్రం ఉండాల్సిన చోట ఎండకు ఒక రేకు వేసుకుని, దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కడతాం. కాబట్టి స్వామి మీద భారం ఎక్కువే.

బండి పండుకుంది గానీ ఇంజన్ ఆగలేదు. పక్కకు ఒరిగి కూడా దుబదుబా కొట్టుకుంటూనే ఉంది. చుట్టూ పదిమంది చేరారు. వాళ్లలో ఏడుగురు ఫోన్లు తీశారు. ఎనిమిదో ఆయన బుద్ధిమంతుడు, వంగి తాళం తిప్పేశాడు. తాళం ఆగింది, ఇంజన్ ఆగలేదు. పాత పంపు ఉన్న డీజిల్ బండిలో తాళానికి సెల్ఫుతో, లైట్లతోనే సంబంధం. డీజిల్ బందు కావాలంటే స్టాపు గుంజాలి. అది మూడేళ్లుగా రోజూ ఆ బండి ఎక్కి దిగుతున్నవాళ్లకూ ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఒళ్లంతా బురదతో వణుకుతూ డ్రైవరే వచ్చి స్టాపు గుంజేసరికి రెండు నిమిషాలు దాటింది. ఎంత దాటిందో వీడియోలో లెక్క ఉంది, దానికి దండం గుర్తులు కూడా వచ్చాయి.

ఆ రెండు నిమిషాల్లో లోపల ఏం జరిగిందో వీడియోలో కనబడదు. ఇంజన్ అడుగున చాంబర్‌లో ఏడెనిమిది లీటర్ల ఆయిలు ఉంటుంది. అందులో మునిగి ఉండే జల్లెడ గొట్టం ద్వారా పంపు ఆయిలు గుంజి, క్రాంకుకూ బేరింగులకూ పైన రాకర్లకూ ఒత్తిడితో పంపిస్తుంది. బండి ఒరిగితే ఆయిలు ఒక పక్కకు పోతుంది, జల్లెడ గాలిలో తేలుతుంది. పంపు మానదు, నమ్మకస్తురాలు. గాలినే గుంజి గాలినే పంపుతుంది. మామూలుగా క్రాంకు బేరింగును తాకదు. వెంట్రుక కంటే సన్నటి ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర పోతే ఇనుము ఇనుమును నాకుతుంది.

సరే, జేసీబీ వచ్చింది, బండిని లేపింది. అసలు ప్రమాదం అక్కడ మొదలైంది. ఎందుకంటే జేసీబీ వెనకే మా ఏంగాదు మేస్త్రి వచ్చాడు.

ఈయన ఒక మనిషి కాదు. గరిడేపల్లిలో ఒకడు, నేరేడుచర్లలో ఒకడు, మేళ్లచెర్వు లారీల దగ్గర నలుగురు ఉంటారు. చేతిలో ఒక పదమూడు పద్నాలుగు పానా, చెవి మీద బీడీ. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరును కాలితో ఒక్కటి తన్ని, తీర్పు చెబుతాడు.

“ఏం గాదన్నా. సెల్ఫ్ కొట్టు.”

ఆయిలు గేజి గుంజి చూడడు. దాని కింద బురద ఉందంటాడు. పడ్డ మనిషిని కూడా మనం ఇట్లాగే చేస్తాం. రెండు రెక్కలు పట్టి నిలబెట్టి, మొహాన నీళ్లు కొట్టి, ‘నడువు, ఏం గాదు’ అంటాం. మనిషి కనీసం నొప్పని చెబుతాడు.

బండి ఒరిగినప్పుడు ఆయిలు ఊరుకోదు. పిస్టన్ రింగుల సందుల నుంచి సిలిండర్‌లోకి ఊరుతుంది. ఆవిరి పోయే గొట్టం నుంచి బయటికి కారుతుంది. పాత బండ్లలో గాలి వడపోసే డబ్బా అడుగున కూడా ఆయిలే ఉంటుంది, అది ఒంపుకుని నేరుగా గాలి గొట్టంలోకి దిగుతుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. మూడు సిలిండర్ల బండిలో ఒక్కో సిలిండర్ సుమారు లీటరు. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే జాగా అరవై మిల్లీలీటర్లు, అటూ ఇటుగా. హుజూర్‌నగర్ సెంటర్లో మనం నిలబడి తాగే టీ కప్పంత. గాలి అయితే ఆ కప్పులో ఒదుగుతుంది, ఒదిగి వేడెక్కి డీజిల్‌ను అంటిస్తుంది. ఆయిలు నొక్కితే నొక్కుకోదు. రెండు కప్పుల ఆయిలు అందులో ఉండగా సెల్ఫ్ కొడితే, పైకొచ్చే పిస్టనుకు దారి ఉండదు. వంగాల్సింది కనెక్టింగ్ రాడ్డే.

సెల్ఫ్ కొట్టారు. ‘టక్’ అని ఆగింది. ఇంజన్ ఇంతకంటే స్పష్టంగా తెలుగు మాట్లాడలేదు.

“బ్యాటరీ వీకైందన్నా,” అన్నాడు మేస్త్రి. ఇంకో బండి నుంచి బ్యాటరీ తెచ్చి కలిపారు. మళ్లీ టక్. మూడోసారికి ఏదో కిర్రుమని, ఏదో ఒంగి, బండి అందుకుంది. తెల్లటి నీలం పొగ లేచి పక్క మడిలో నాటేసే ఆడోళ్లు కనబడకుండా పోయారు. ఎక్సలేటర్ మీద ఎవరి కాలూ లేదు, బండి మాత్రం అరుస్తోంది. స్టాపు గుంజినా అరుపు ఆగలేదు. గాలి గొట్టంలోకి దిగిన ఆయిలునే అది తాగుతోంది, ఇక డీజిల్ ఎందుకు? “చూసినవా పికప్!” అన్నాడు మేస్త్రి. ఆ ఆయిలు అయిపోయాక ఇంజన్ దానంతటదే చల్లారింది గానీ, ఆయన ముఖంలో గర్వం సాయంత్రం దాకా చల్లారలేదు.

మళ్లీ స్టార్ట్ చేస్తే నడిచింది. లోపల ఒక సన్న సుత్తి దెబ్బ, ముందర ఒక ఎర్రలైటు.

ఇక్కడే మేస్త్రి మేధస్సు పరాకాష్ఠ. ఆ ఎర్రలైటు కథ చిన్నది. తాళం తిప్పగానే వెలుగుతుంది, ఎందుకంటే ఇంకా ప్రెజర్ లేదు. ఇంజన్ తిరిగి ఆయిలు ఎక్కగానే, ఆ ఒత్తిడి స్విచ్చులోని పొరను నెట్టి కరెంటు తెంపుతుంది, లైటు ఆరిపోతుంది. ఆరలేదంటే ఆయిలు ఎక్కలేదు. ‘నన్ను ఆపు’ అని ఆ బండి చెప్పగలిగిన ఆఖరి మాట అది.

“వైరింగులకు నీళ్లు వొయినయన్నా,” అని మేస్త్రి వంగి, స్విచ్చు వైరు పీకి, నల్లటేపు చుట్టాడు. లైటు ఆరింది. “అగో, ప్రెజరొచ్చింది.”

జ్వరం చూసే పుల్లను విరిచి, జ్వరం తగ్గిందన్న వైద్యుడిని ఊరంతా తరుముతుంది. వైరు పీకిన మేస్త్రికి ఐదొందలు, ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చి పంపింది.

మా మేనబావ కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. మంచు మీద ఉరికే బండ్లు చేసే పొలారిస్ కంపెనీ 1954లో పుట్టింది ఆ రాష్ట్రంలోనే, రోసో అనే చిన్న ఊళ్లో. కిరాయికి అలాంటి బండి తీసుకుని, వీడూ మంచు దిబ్బ మీంచి పల్టీ కొట్టించాడు. ఫోన్ చేస్తే కిరాయి షాపువాళ్లు చెప్పిన మొదటి మాట: స్టార్ట్ చెయ్యకు. నిలబెట్టి వదిలెయ్, ఆయిలు దిగనియ్, గాలి డబ్బా విప్పి చూస్తాం. వీడు నాకు చెబుతూ విసుక్కున్నాడు, గంటన్నర చలిలో నిలబెట్టారు మామా అని. మా మేస్త్రి ఉంటే ఐదు నిమిషాల్లో పంపేవాడు, నిజమే.

అమెరికా దాకా పోనక్కరలేదు. మా తాతకు తెలుసు ఈ సంగతి. 1967 ఆగస్టులో సాగర్ నీళ్లు వదిలాక కూడా, కాల్వకు ఎగువన ఉన్న మా చెలకకు బాయే దిక్కు. బాయి మీద కిర్లోస్కర్ ఆయిలింజన్. తాత ముందు పైన ఉన్న లివర్ లేపేవాడు. అది లేపితే సిలిండర్లో గాలి బిగుసుకోదు, ఇంజన్ ఉత్తినే తిరుగుతుంది, అంటుకోదు. అట్లా హ్యాండిల్‌తో పదిహేను ఇరవై చుట్లు తిప్పేవాడు, చెవి ఇంజన్‌కి ఆనించినంత పని చేసి. ఎందుకు తాతా, లివర్ దించరాదా అంటే, “అది గొంతు తడుపుకోనీ రా” అనేవాడు. ప్రెజర్ అన్న మాట ఆయనకు తెలియదు. ఆయిలు ఎక్కాకే మంట పెట్టాలని మాత్రం తెలుసు. సెల్ఫ్ వచ్చి ఆ చేతినొప్పి పోగొట్టింది. చెయ్యి నొప్పి పెట్టినన్నాళ్లు చెవి పనిచేసింది.

పడ్డ ట్రాక్టరుకు చెయ్యాల్సిందీ తాత పనే, కొంచెం పొడుగ్గా. లేపి, చదునులో కాసేపు ఊరికే ఉంచాలి. గేజి చూసి తగ్గింది పొయ్యాలి. గాలి డబ్బా, గొట్టం విప్పి తుడవాలి. నాజిల్స్ మూడూ విప్పి, స్టాపు గుంజి పెట్టి, క్రాంకు పుల్లీని పానాతో చేత్తో తిప్పాలి. ఆ రంధ్రాల నుంచి నల్లటి ఆయిలు చిమ్ముతుంది, మొహం పెట్టి చూడకూడదు. నాజిల్స్ బిగించి, ఇంకా స్టాపు గుంజే ఉంచి, పది సెకన్లకొకసారి ఆపుతూ సెల్ఫ్ కొట్టాలి, ఎర్రలైటు దానంతటదే ఆరేదాకా. అప్పుడు డీజిల్ లైన్లో గాలి తీసి స్టార్ట్ చేస్తే, ఎక్సలేటర్ తొక్కకుండా కాసేపు నడవనివ్వాలి. లైటు మళ్లీ వెలిగిందా, ఆపెయ్యాలి. అంతా కలిపి ఒక పూట.

ఆ పూటే లేదు మనకు. నిజంగానే లేదు, అది ఒప్పుకుంటాను. నారు ముదురుతోంది, కాల్వ నీళ్లు వంతు ప్రకారం వస్తాయి, ఇంకో నలుగురు రైతులు బండి కోసం ఒడ్ల మీద నిలబడ్డారు, ఫైనాన్సువాడి కిస్తీ తారీఖు ఆగదు. ఆ తొందర రైతుది. కానీ ‘ఏం గాదు’ అన్న భరోసా మేస్త్రిది, దానికి ఆయన జేబులోంచి పెట్టేది ఏమీ లేదు. వంగేది ఆయన రాడ్డు కాదు కదా.

ఎనిమిదో రోజు దుక్కిలో బండి పట్టేసింది. షెడ్డులో చాంబర్ దించారు. అక్కడి పెద్దమనిషి మాట్లాడలేదు. సగం గాజులాంటి బేరింగ్ షెల్లును గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. పైన ఉండాల్సిన బూడిదరంగు నునుపు నడుమంతా లేచిపోయి, అడుగు రాగి ఎర్రగా బయటపడింది. గోరుతో గీస్తే గాడులు తగిలాయి. క్రాంకు గ్రైండింగుకు పోయింది, ఒక రాడ్డు కొత్తది పడింది, షెల్లులు సెట్టు. ఆ సీజన్ కిరాయి అంతా అందులోకే పోయింది. కబురు విన్న మేస్త్రి, “డూప్లికేట్ ఆయిల్ వోసిండ్రు” అని బీడీ ముట్టించాడు.

షెడ్డాయన నల్లటేపు విప్పి వైరును కూడా దాని చోట పెట్టాడు. బండి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఓనరు ఎక్కి తాళం ఒక్క పక్క తిప్పాడు, ఇంకా సెల్ఫ్ కొట్టలేదు. ఎర్రలైటు ఠక్కున వెలిగింది. ఆయన గుండె జారింది. వెంటనే ఫోన్ తీశాడు.

“మేస్త్రీ, ఇన్ని పైసలు వెట్టినా లైటు మల్ల ఎలుగుతుంది!”

అవతల నుంచి జవాబు ఫోను బయటికే వినబడింది. “ఏం గాదన్నా. వైరు పీకెయ్. నేనొస్తున్న.”