ప్లాను పాసైంది, కారణం అడక్కండి

మా బెజవాడ వైపు ఎవరి ప్లానైనా మంజూరైందంటే, ఎందుకైందో ఊరందరికీ తెలిసిపోతుంది. తెలియనిదల్లా ఆ మంజూరు పత్రానికే.

బందరు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, నిన్నటి వరిచేలు ఇవాళ్టి వెంచర్లయిన చోట మాదొక చిన్న డాబా. పక్క స్థలంలో స్టిల్టు మీద అయిదంతస్తులు లేస్తున్నాయని తెలిసిన రోజు, టీకొట్టు దగ్గర కారణాలు కావలసినన్ని దొరికాయి. "బిల్డరుగారి బావమరిది ఆఫీసులో ఉన్నాట్టండీ" అన్నారొకాయన. "బావమరిది కాదు, ఆయన క్లాస్‌మేటు" అని సవరించారు ఇంకొకాయన. వదంతి అయినా సరే, మా వైపు వివరం తప్పుపోకూడదు. "అదేం కాదు, ఈశాన్యం పెంచారు. వాస్తు అలా ఉంటే ఏ ఫైలైనా ఆగుతుందా?" అన్నది మూడో అభిప్రాయం. టీకొట్టతను మాత్రం గ్లాసులు కడుగుతూ, "కాగితంలో మన వీధి నలభై అడుగులంట బాబాయ్‌గారూ" అన్నాడు. అందరం వీధి వైపు చూశాం. అటునుంచి ఆటో, ఇటునుంచి గడ్డి ట్రాక్టరు. నువ్వు వెనక్కి తీయ్ అంటే నువ్వు తీయ్ అని కేకలేసుకుంటున్నాయి.

తిరస్కరించేటప్పుడు మాత్రం కారణాలకు కరువుండదు. షార్ట్‌ఫాల్ అని ఆన్‌లైన్లో ఒకటొస్తుంది. లింకు డాక్యుమెంటు లేదు, ఈసీ పాతబడింది, ఖాళీ స్థలం పన్ను రసీదు జతచేయలేదు, సెట్‌బ్యాకు జానెడు తగ్గింది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి మొలుస్తుంది. ప్లాను గీసి పెట్టే ఎల్టీపీగారి ముఖం చూస్తే ఆ రోజు ఎన్ని మొలిచాయో లెక్క చెప్పేయొచ్చు. పిల్లాడు పరీక్ష తప్పితే ఏ సబ్జెక్టులో, ఎన్ని మార్కుల్లో అని ఆరా తీస్తాం గానీ పాసైతే స్వీట్లు పంచి ఊరుకుంటాం కదా! ఇదీ అంతే. తేడా ఏమిటంటే, ఆ పిల్లాడు పాసైనందువల్ల మా ఇంటికి ఎండ రావడం మానదు.

మంజూరు పత్రంలో కారణాల బదులు షరతులుంటాయి. ఇంకుడు గుంత తవ్వాలి, మొక్కలు నాటాలి, స్టిల్టులో బళ్ళు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఈ అనుమతి స్థలం మీద హక్కుకి రుజువు కాదని కూడా ఒక మాట పడేస్తారు. చిన్న ఇళ్ళను వదిలేస్తే, కట్టబోయే దాంట్లో పదో వంతు ముందే తాకట్టు రాయించుకుంటారు. ప్లాను ప్రకారమే కట్టారని తేలాక గానీ అది విడిపించరు. అంటే నమ్మి అనుమతిచ్చారు కానీ, అంత నమ్మకంగా ఇవ్వలేదన్నమాట. వాళ్ళ అనుమానమూ ఊరికే పుట్టింది కాదు. 2007 చివర్లో సర్కారు వారు బీపీఎస్ అని పథకం పెట్టి, 1985 జనవరి నుంచి అప్పటిదాకా అడ్డదిడ్డంగా కట్టినవన్నీ రుసుము కట్టించుకుని క్షమించారు. ఆ క్షమ 2015లో మళ్ళీ వచ్చింది, 2019లో మళ్ళీ వచ్చింది. గోదావరికి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి గానీ, బిల్డర్లకు అంత నిరీక్షణ అక్కర్లేదు.

అసలు తమాషా చట్టంలో ఉంది. 1981లో బెజవాడ కార్పొరేషనైనప్పుడు, హైదరాబాదు కోసం 1955లో చేసిన మునిసిపల్ చట్టమే ఇక్కడికీ వచ్చింది. దాని ప్రకారం, కట్టేవాడు కాగితం పెట్టిన 30 రోజుల్లో కమిషనరు కాదనకపోతే అవునన్నట్టే. సమాచార హక్కు చట్టంలోనూ గడువు 30 రోజులే. అక్కడ మాత్రం అధికారి జవాబివ్వకపోతే కాదన్నట్టు. మౌనం ఒకటే, కట్టేవాడికి అంగీకారమట, పక్కింటివాడికి తిరస్కారమట!

అదే సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్లో ఇంకో మాటుంది. ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాలకు కారణాలను, వాటి ప్రభావం పడేవాళ్ళకు చెప్పాలని. ఎండా గాలీ పోయినవాణ్ణి, నాకంటే ప్రభావం ఎవరి మీద పడింది? దరఖాస్తు పెట్టాను. ఏ ఆఫీసో చెప్పను, ఇంటి పన్ను ఇంకా అక్కడే కట్టాలి. జవాబు వచ్చింది: "నిబంధనల ప్రకారం మంజూరు చేయబడినది." మా ఆవిడ చదివి, "ఆయన అడిగిన అనుమతి ఆయనకొచ్చింది, మీరడిగిన జవాబు మీకొచ్చింది. ఇంక ఆ కిటికీ వేసెయ్యండి, సిమెంటు దుమ్మొస్తోంది" అంది.

ఇంగ్లండులో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. డోవర్ దగ్గర కొండల అందాన్ని కాపాడతామని పేరుపెట్టిన ప్రాంతంలో వందలాది ఇళ్ళకు అక్కడి కౌన్సిలు సరేనంది. తగ్గించమని తమ అధికారులు చెప్పినా వినలేదు, ఎందుకు వినలేదో సరిగా రాయలేదు. కారణాలు చాల్లేదని కింది కోర్టు ఆ అనుమతిని రద్దు చేస్తే, 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రద్దునే ఖాయం చేసింది. మనవాళ్ళు దీన్ని వింటే నవ్వుతారు. ఇళ్ళు పడలేదు, బావమరిది దొరకలేదు, రాయనందుకే రద్దా?

కానీ మూడు కాలువలూ ఒక ఏరూ ఒక వాగూ ఉన్న ఊరు మనది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ వాగు, బుడమేరు, పొంగి సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు, ఇక్కడ ఇళ్ళకు పర్మిషన్ ఎవరిచ్చారని ప్రతివాడూ అడిగాడు. ఎవరిచ్చారో వెతకొచ్చు. ఏం ఆలోచించి ఇచ్చారో మాత్రం ఏ ఫైల్లో వెతకాలి? వీధి ఎవరు కొలిచారు, వానొస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయనుకున్నారు, ఫైరింజను ఎలా తిరుగుతుందనుకున్నారు, ఇవి మూడూ మూడు వాక్యాల్లో రాయొచ్చు. షార్ట్‌ఫాల్ రాసే చేతులకు అదేం కష్టం కాదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పక్క స్థలంలో కొలతలకు తాళ్ళు కట్టగానే అడగండి, శ్లాబు పడేదాకా ఆగకండి. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము గ్రామంలో ఏమీ లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.