కాస్ట్ కొట్టండి, కాలర్ ఎగరెయ్యండి

పలాసలో జీడిపప్పు షావుకారు దగ్గర లెక్కల ప్రోగ్రాం రాసే పని దొరికిందా? వెనకాల జావా, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్, మధ్యలో గూగుల్ వెబ్ టూల్‌కిట్ ఉన్నాయా? కంగారు వద్దు. కింది సూత్రాలు పాటించండి, సాయంత్రం అయిదుకల్లా టెక్కలి బస్సెక్కండి.

1. లోపల ఏముందో చూడకుండా కాస్ట్ కొట్టండి. ఈ టూల్‌కిట్‌లో జావాస్క్రిప్ట్ వస్తువు మీద కాస్ట్ అంటే తనిఖీ లేని ముద్ర. డబ్బా మీద ‘గుండు’ (విరగని పప్పు) అని చీటీ అంటిస్తే లోపలి బద్దలన్నీ గుండ్లయిపోయాయని నమ్మండి. తప్పు అక్కడ బయటపడదు. ఎప్పుడో, ఇంకెవరి ఫైల్లోనో బయటపడుతుంది. మనక్కావలసిందీ అదే.

2. బరువులను నంబర్లుగా మార్చకండి. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. ఫారంలో కొట్టిన 80 స్ట్రింగ్‌గానే వస్తుంది. అలాంటివి ఉన్న ఎర్రేని పూర్ణాంకాల ఎర్రే అని జావాకి చెప్పేసి, రెండు బస్తాలు కూడండి: 8080. షావుకారు నోరు తెరిస్తే, 2018లో తిత్లీ తుపాను పడగొట్టిన తోటలు మళ్ళీ కాపుకొచ్చాయని అభినందించండి.

3. సార్ట్‌కి పోలిక ఫంక్షన్ ఇవ్వకండి. డెమోలో 180, 210, 240, 320 పప్పు గ్రేడ్లు మాత్రమే చూపండి, వరస చక్కగా వస్తుంది. చెక్కు చేతికొచ్చాక 80, 160, 1000 లాంటి బరువులు వేయండి. 1000 ముందుకొస్తుంది, 80 చివరికి పోతుంది. జావాస్క్రిప్ట్ అంకెలను కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది మరి. అడిగితే ‘పెద్దలకు పెద్దపీట’ అనండి.

4. రైతుల ఖాతా నంబర్లను జావా లాంగ్‌లో దాచండి. జావాస్క్రిప్ట్ రాసే నేటివ్ మెథడ్‌లోకి పంపబోతే కంపైలర్ అడ్డుపడుతుంది. డబుల్‌గా కాస్ట్ చేసి దాటించండి. 9007199254740993 అవతల 9007199254740992గా తేలుతుంది. తేడా ఒక్కటే కదా! డబ్బు పక్కవాడి ఖాతాలో పడితే వాడూ రైతే.

5. ఎర్రేలోంచి ఒక రైతు పేరు తీసెయ్యాలంటే స్ప్లైస్ జోలికి పోకండి, డిలీట్ చాలు. పొడవు తగ్గదు, మధ్యలో గుంత మిగులుతుంది. జావా లూపు అందులో కాలు పెట్టే వేళకి మీరు కాశీబుగ్గలో టీ తాగుతూ ఉండండి.

6. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడపాలంటే నాష్‌హార్న్‌నే పట్టుకోండి. 2014లో జావా 8తో వచ్చింది, 2020లో జావా 15 నుంచి తీసేశారు. అందుకే వెర్షన్ పెంచే పని ఎప్పటికీ రాదు. అది ఇచ్చిన ఎర్రేని నేరుగా లిస్ట్‌గా కాస్ట్ చేయండి. ఎక్సెప్షన్ వస్తుంది. క్యాచ్ బ్లాకు ఖాళీగా వదిలితే రానట్టే.

7. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. జావా కుర్రాడికి జావాస్క్రిప్ట్‌ది తప్పని, జావాస్క్రిప్ట్ అమ్మాయికి జావాది తప్పని చెప్పండి. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే నెట్‌ని తిట్టండి.

ఏడూ పాటిస్తే ఏడాది తిరక్కుండా ఆ కోడ్ ఎవరికీ అర్థం కాదు, మీతో సహా. అప్పుడు మిమ్మల్ని తీసేసే ధైర్యం ఏ షావుకారుకీ ఉండదు. ఉద్యోగ భద్రతకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.