పాత కావాలి, బస్తీ వద్దు

ఆదివారం పొద్దున ఆరున్నరకి చార్మినార్ దగ్గర ఒక వింత చూడొచ్చు. అక్కడ ఉండేవాళ్ళంతా నిద్రపోతుంటారు. ఉండనివాళ్ళంతా వచ్చి నిలబడి ఉంటారు. మెడలో కెమెరాలు, ఒంటిమీద ఇస్త్రీ నలగని ఖద్దరు, పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంట వెనక ఎగరడానికి సిద్ధంగా పావురాలు. అర్ధరాత్రి దాటేదాకా మేలుకునే ఊరు అది. బాగా పొద్దెక్కితే గానీ షట్టర్లు లేవవు. అందుకే ఆ వేళ ఎంచుకుంటారు. జనం లేనప్పుడే అసలైన పాతబస్తీ కనిపిస్తుందన్నది హెరిటేజ్ వాక్ పేరుతో వచ్చే ఈ నడక బృందాల సిద్ధాంతం. చేపలు తీసేస్తే చెరువు శుభ్రంగా ఉంటుందన్నట్టు.

తొమ్మిదింటికి అందరూ ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలతో వెనక్కి తిరుగుతారు. గాజులమ్మే మనిషి తాళం తీసేసరికి రీలు అప్‌లోడ్ అయిపోతుంది.

పాత పేటల్ని డబ్బున్నవాళ్ళు మింగేయడం ప్రపంచమంతటా ఉన్నదే. లండన్‌లో ఇస్లింగ్టన్ లాంటి పేటల్లో జరుగుతున్నదాన్ని రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1964లోనే రాసిపెట్టింది. కూలీనాలీ చేసుకునేవాళ్ళ ఇళ్ళు మధ్యతరగతి కొంటుంది, రంగులేయిస్తుంది, అద్దెలు పెరుగుతాయి, పాతవాళ్ళు సామాను సర్దుకుంటారు. ఆ పద్ధతిలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది: కొన్నవాడు వెళ్ళి అక్కడ కాపురం చెయ్యాలి. మన హైదరాబాదు సంపన్నులు అంత అమాయకులు కారు. గచ్చిబౌలిలో ముప్పయ్యో అంతస్తున ఉన్నాయన షాలిబండలో ఇల్లు కొంటాడా? కారెక్కడ పెట్టాలి, పిల్లలకి బడేది, పక్కింటివాళ్ళెవరు అని సవాలక్ష ప్రశ్నలు. ఆయనకి కావలసింది షాలిబండ రుచి, షాలిబండ కమాను. అవి ఆయన దగ్గరికే రావాలి.

వచ్చాయి కూడా. ఐటీ కారిడార్‌లో ఇప్పుడు గాజు మేడ కింద ఇరానీ హోటలు ఉంటుంది. పాలరాతి బల్ల, వంపు చెక్క కుర్చీ, కావాలని పెచ్చులూడేలా చేయించిన గోడ. గోడని అలా పాడుచేయడానికి కూడా ఒక డిజైనరు, ఆయనకొక ఫీజు. అక్కడ ఒక చాయ్ ధరకి పాతబస్తీలో మదీనా దగ్గర బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తాగించొచ్చు. ఆ హోటల్లో లేనిదల్లా ఒకటే: ఒక పౌనా చాయ్ తెప్పించుకుని, దాన్నే వన్ బై టూ చేసి, రెండు గంటలు రాజకీయం మాట్లాడే హక్కు. అసలు ఇరానీ హోటల్‌కి ప్రాణం అదే. ఆబిడ్స్ వైపు ఓరియంట్ హోటల్‌లో రచయితలు, విలేకరులు, చిత్రకారులు అలాగే గంటలు గంటలు కూర్చునేవారు. ఆ హోటలు ఇప్పుడు లేదు. మూలమలుపు స్థలాల్లో ఉండటమే ఇరానీ హోటళ్ళకి వరం, చివరికి శాపం కూడా. మూల స్థలం ధర కొండెక్కాక, చాయ్ మీద బతికే వ్యాపారం దానికి భారమైంది. బట్టల షోరూములొచ్చాయి, బర్గర్లొచ్చాయి. అసలుది ఇక్కడ మూతపడితే నకలు అక్కడ తెరుచుకుంటుంది. దీన్ని మనం పునరుజ్జీవనం అంటున్నాం.

నవాబుల పాత మేడలు, దేవిడీల సంగతీ ఇంతే. సాలార్‌జంగ్ నివాసం దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో వస్తువులు కొత్త భవనానికి చేరాయి. మ్యూజియం గడియారమూ మేలిముసుగు రెబెక్కా శిల్పమూ క్షేమం. దేవిడీ మాత్రం దర్వాజాలు మిగిల్చి దుకాణ సముదాయాలైపోయింది. ఇప్పుడు ఊరవతల విల్లాల వెంచర్లలో ఝరోకాలు పెడుతున్నారు, అచ్చుపోసిన ఫైబర్‌వి. బరువు తక్కువ, చెదపట్టవు, వారసులు కోర్టుకెళ్ళరు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని ఎవరూ నింద వేయకూడదు. చాలా చురుగ్గా పనిచేసింది. పాత కట్టడాల్ని కాపాడటానికి 1981లో నగరాభివృద్ధి సంస్థ నిబంధనల్లో పదమూడోది చేర్చారు. 1995లో జాబితా ప్రకటించారు. 2015 డిసెంబరులో ఆ నిబంధననే ఎత్తేశారు. ఒక్కో భవనాన్నీ కూల్చుకుంటూ పోతే ఎంత దుమ్ము, ఎంత గొడవ! రక్షణనే తీసేస్తే దుమ్ము లేవదు. తర్వాత 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. అది వచ్చాకే, 2019లో, ఇర్రమ్ మంజిల్ అనే పాత మేడని పడగొట్టి శాసనసభ కడతామని బయల్దేరారు. హైకోర్టు అడ్డుపడబట్టి ఆ మేడ ఇంకా నిలబడి ఉంది.

సర్దార్ మహల్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం కట్టించాడు. ఆవిడకి నచ్చలేదట, అందులో ఉండనేలేదట. పన్ను బకాయిల కింద 1965లో మునిసిపాలిటీ స్వాధీనం చేసుకుని ఆఫీసు పెట్టింది. ఇప్పుడు దాన్ని కళాకేంద్రంగా, కెఫేగా, అతిథులు బస చేసే చోటుగా మారుస్తున్నారు. బేగం వద్దన్న గదుల్లో రేపు మనం డబ్బులిచ్చి పడుకుంటాం. అయినా ఆఫీసుగా శిథిలమవడం కంటే ఇది మేలే, ఒప్పుకుంటాను. నా అనుమానం గదుల గురించి కాదు. ఆ గోడ బయట బండి మీద పళ్ళమ్మేవాణ్ణి అతిథుల కిటికీలోంచి ఎంతకాలం కనిపించనిస్తారన్నదే.

ఎందుకంటే మన పాలకులకి పాతబస్తీ ఎప్పుడూ ఇంకో ఊరిలా కనబడాలి. ఒక ముఖ్యమంత్రి ఇస్తాంబుల్ చేస్తానన్నారు. తర్వాతి ముఖ్యమంత్రి 2024లో మెట్రోకి శంకుస్థాపన చేస్తూ, ఇది పాత నగరం కాదు, అసలు నగరం అన్నారు. మూసీ నది కోసం మాత్రం ఆయనా థేమ్స్‌నీ సియోల్‌నీ చూశారు. అధికారులు, విలేకరులు సియోల్ వెళ్ళొచ్చారు. ఇక్కడ మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నదీగర్భంలో ఉన్నారని గుర్తు. వాళ్ళకి డబుల్ బెడ్‌రూం ఇళ్ళిచ్చారు, నిజమే. పాచిపని చేసే ఇంటికీ, పిల్లల బడికీ అక్కడినుంచి ఎంత దూరమో ప్రాజెక్టు నక్షాలు చెప్పవు. నది ఒడ్డున ఎవరో ఒకరు ఉండక తప్పదు. గుడిసె ఉంటే అది ఆక్రమణ, కాఫీ షాపు ఉంటే అది రివర్‌ఫ్రంట్.

మెట్రో వద్దని పాతబస్తీలో ఎవరన్నారు? ఊరంతా రైళ్ళు తిరుగుతుంటే, మొదటి దశలోనే ఉన్న ఫలక్‌నుమా ముక్కని ఏళ్ళ తరబడి పక్కన పెట్టారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టదాకా 7.5 కిలోమీటర్లకి ఇప్పుడు ఆస్తులు సేకరిస్తున్నారు. స్థలం ఉన్నాయనకి చెక్కు వస్తుంది. తాతలనాటి దుకాణపు మల్గీలో కిరాయికి కూర్చున్నాయన ఎటు పోవాలో మాత్రం రంగుల నమూనా బొమ్మలో ఉండదు. అందులో ఒక చెట్టు, ఒక బెంచీ, బుడగ పట్టుకున్న పిల్ల మాత్రం తప్పకుండా ఉంటాయి.

పేరుంచుకుని మనుషుల్ని పంపించేయడంలో మనకి అనుభవం తక్కువేం కాదు. బంజారాహిల్స్‌కి ఆ పేరు అక్కడుండే బంజారాల వల్ల వచ్చింది. ఇప్పుడు వెళ్ళి వెతకండి. లాడ్‌బజారు లక్క గాజుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. ఇంట్లో కుంపటి ముందు కూర్చుని వేడి లక్కలో రాళ్ళు అద్దే ఆడవాళ్ళకి మాత్రం ఇంకా జతకింత అనే లెక్కే.

అయితే కూలిపోతున్నవాటిని అలాగే వదిలేయాలా అని అడుగుతారు. వద్దు. పాతబస్తీ పాతదనం కూడా ఒకప్పటి ప్రభుత్వ ప్రాజెక్టే. 1908 వరద తర్వాత, 1912లో పెట్టిన నగరాభివృద్ధి మండలి చేతిపనే పత్తర్‌గట్టి రాతి కమానులు. ఆ కమానుల కింద వాళ్ళు దుకాణాలు పెట్టారు, సెల్ఫీ పాయింట్లు పెట్టలేదు. మొన్నమొన్ననే మొజంజాహీ మార్కెట్‌ని రంగు గీకి, రాయి కడిగి బాగుచేశారు. ఐస్‌క్రీములమ్మేవాళ్ళూ అత్తరులమ్మేవాళ్ళూ ఆ మార్కెట్లోనే ఉన్నారు. కనక ఇది చేతకాని పని కాదు. చెయ్యాలన్న బుద్ధి పుట్టాలి, అంతే. నక్షా గీసేముందు ఆ వీధిలో కిరాయిదార్లెవరో, కారీగర్లెవరో, బండ్లవాళ్ళెవరో పేర్లు రాసుకొమ్మనండి. ఆ జాబితా లేని ఏ ప్రాజెక్టునీ వారసత్వం పేరుతో మంజూరు చేయకూడదు.

మీరు కూడా వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్ళకండి. సాయంత్రం వెళ్ళండి, తోసుకుంటూ నడవండి, ఒక జత గాజులు కొనండి. బేరం తప్పకుండా ఆడండి. ఆడకపోతే మిమ్మల్నీ ఫొటోలకొచ్చినవాళ్ళే అనుకుంటారు.